ఓక్‌లాండ్‌లో తీర్పు కోసం ఎదురుచూసిన వారం

మా ఆఫీసు కింద ఉన్న కళ్ళజోళ్ళ షాపు వాడు అద్దాలకి ప్లైవుడ్ కొట్టించడం మొదలుపెట్టాక గానీ నాకు విషయం బుర్రకెక్కలేదు. అంతకుముందు వరకు, రైల్వే పోలీసు ఒక కుర్రాణ్ణి కాల్చి చంపిన ఆ కేసంటే రైల్లో పక్కవాడి పేపర్లో కనిపించే హెడ్డింగు, అంతే.

2010 జులై మొదటి వారం. అప్పటికి నేను కాలిఫోర్నియాలోని ఓక్‌లాండ్ డౌన్‌టౌన్‌లో ఒక ప్రాజెక్టులో కాంట్రాక్టర్ని. కాపురం ఫ్రీమాంట్‌లో. పొద్దున్నే ఫ్రీమాంట్‌లో బార్ట్ (అక్కడి లోకల్ రైళ్ళ పేరు) రైలెక్కితే యూనియన్ సిటీ, హేవర్డ్, శాన్ లియాండ్రో, కొలీజియం దాటుకుంటూ వచ్చి పన్నెండో వీధి స్టేషన్లో దింపుతుంది, అక్కణ్ణించి ఆఫీసుకి రెండు నిమిషాల నడక. దారిలో లేక్ మెరిట్‌కి ముందు స్టేషన్ ఫ్రూట్‌వేల్. ఏడాదిన్నరగా రోజుకి రెండుసార్లు ఆ స్టేషన్లో మా రైలు ఆగుతూనే ఉంది, నేను చాలాసార్లు నిద్రపోతూనే ఉన్నాను.

ఆ స్టేషన్ ప్లాట్‌ఫామ్ మీదే 2009 జనవరి 1న, కొత్త సంవత్సరం వచ్చి రెండు గంటలు దాటాక, ఆస్కార్ గ్రాంట్ అనే ఇరవై రెండేళ్ళ కుర్రాణ్ణి జొహానెస్ మెసర్లీ అనే బార్ట్ పోలీసు కాల్చాడు. రైల్లో ఏదో గొడవ జరిగిందని పోలీసులు కొందరిని దింపారు. కాల్చేటప్పటికి కుర్రాడు బోర్లా పడి ఉన్నాడు, తుపాకి గుండు వీపులోంచి దిగింది, పొద్దునకి ఆస్పత్రిలో చనిపోయాడు. రైల్లో ఉన్నవాళ్ళు సెల్‌ఫోన్లలో తీసిన వీడియోలు టీవీలోనూ యూట్యూబ్‌లోనూ లక్షల మంది చూశారు, నేనూ చూశాను. ఒకసారి చూసి ఆపేశాను. ఆస్కార్ ఉండేది హేవర్డ్‌లో, అదీ నా దారిలోదే. ఆ రాత్రి కారులో కాదు, రైల్లో వెళ్ళమని చెప్పింది తనేనని వాళ్ళమ్మ కోర్టులో చెప్పింది. ఆ వార్త చదివిన రోజు మా ఆవిడ ఏమీ మాట్లాడలేదు, ఎందుకంటే "ఆ ట్రాఫిక్‌లో కారెందుకండీ, రైల్లో వెళ్ళండి" అని నాకు వారానికి రెండుసార్లయినా చెప్పేది తనే.

మెసర్లీ చెప్పింది ఒకటే. టేజర్ తీద్దామనుకుని పొరపాటున పిస్టల్ తీశానని. టేజర్ అంటే కరెంటు షాకిచ్చే పిస్టల్ లాంటిది, బరువు తక్కువ, రంగు వేరు. డ్యూటీలో ఉన్న పోలీసు మీద మర్డర్ కేసు పెట్టడమే ఇక్కడ అరుదు, ఈ కేసులో పెట్టారు. ఓక్‌లాండ్‌లో అయితే విషయం తెలియని జ్యూరీ (దోషా కాదా తేల్చే మామూలు పౌరుల బృందం) దొరకదని విచారణని లాస్ ఏంజిలిస్‌కి మార్చారు. జ్యూరీలో పన్నెండు మంది, ఎనిమిది మంది ఆడవాళ్ళు, నలుగురు మగవాళ్ళు, నల్లజాతి వాళ్ళు ఒక్కరూ లేరు. కోర్టు గదిలోకి కెమెరాలు రానివ్వలేదు. కాబట్టి మేమందరం ఆరొందల కిలోమీటర్ల అవతల ఓ గదిలో తలుపులేసుకుని కూర్చున్న పన్నెండు మంది ఏమంటారో అని ఎదురుచూడాలి, వాళ్ళ మొహాలైనా కనపడవు.

జడ్జి వాళ్ళకి నాలుగు దారులిచ్చాడు. సెకండ్ డిగ్రీ మర్డర్ (ముందు పథకం లేని హత్య), వాలంటరీ మ్యాన్‌స్లాటర్ (క్షణికావేశంలో చంపడం లాంటిది), ఇన్‌వాలంటరీ మ్యాన్‌స్లాటర్ (చంపాలని లేకుండా, అజాగ్రత్తవల్ల ప్రాణం తీయడం), లేకపోతే నిర్దోషి. ఫస్ట్ డిగ్రీ మర్డర్‌ని, అంటే పథకం వేసుకుని చేసే హత్యని, ముందే తీసేశాడు. ఇవన్నీ నేను ఆ వారంలో నేర్చుకున్నవే. మా ఆఫీసులో లంచ్‌కి కూర్చున్న చోటల్లా ఈ మాటలే వినిపించేవి. సెకండ్ డిగ్రీ అయితే పదిహేనేళ్ళ నుంచి జీవితాంతం, ఇన్‌వాలంటరీ అయితే రెండు, మూడు లేదా నాలుగేళ్ళు, తుపాకి వాడినందుకు విడిగా ఇంకో మూడు, నాలుగు లేదా పదేళ్ళు కలపొచ్చు. మన భాషలో ఇవన్నీ ఎలా చెప్పాలో నాకు అంతుపట్టలేదు. హత్య, లేదా ప్రమాదం. ఆ రెంటికీ మధ్య ఉన్న గజిబిజికి మన దగ్గర మాటల్లేవు అనుకున్నాను. ఉన్నాయని నాన్న చెప్పాడు.

నాన్న ప్రకాశం జిల్లాలో హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరయ్యాడు. గురువారం రాత్రి, అంటే ఒకటో తారీఖున, రిలయన్స్ కార్డుతో ఫోన్ చేసినప్పుడు మాటల్లో ఈ కేసు సంగతి చెప్పాను. ఆయనకి మిగతాదంతా అనవసరం.

"ఏ సెక్షన్ పెట్టార్రా?"

"మర్డరే పెట్టారు నాన్నా."

"302 పెట్టారా? పోలీసోడి మీద?" అని కాసేపు ఏమీ అనలేదు. నాలుగు దారుల గురించీ చెప్తే వినేసి, "ఇందులో కొత్తేముంది, 302, 304 పార్ట్ వన్, పార్ట్ టూ, 304-ఏ. మనకీ ఉన్నాయి" అన్నాడు. అవి అప్పటి మన శిక్షాస్మృతి సెక్షన్లు: 302 హత్య, 304 హత్య కిందికి రాని ప్రాణహాని, 304-ఏ అజాగ్రత్తవల్ల మరణం. అచ్చంగా అవే కాకపోవచ్చు, కానీ ఆయన నోట్లో ఆ నెంబర్లు వింటుంటే ఇంగ్లీషు కన్నా బాగా అర్థమైంది. చిన్నప్పుడు ఇంట్లో మాకు మనుషులు చేసే పాపాలన్నీ నెంబర్లుగానే తెలుసు.

తర్వాత ఇలా మొదలుపెట్టాడు: "తుపాకి ఏ పక్క ఉంటుంది?" కుడి పక్క. "కరెంటుది?" ఎడమ పక్క. "ఏ చేత్తో తీశాడు?" కుడి చేత్తో. అటువైపు నుంచి చప్పుడు లేదు, లైన్ కట్టయిందేమో అనుకున్నాను. "చెయ్యి అలవాటైన చోటికే పోతుందిరా" అన్నాడు చివరికి. నాకు కొంచెం చిరాకేసింది, వాళ్ళ డిపార్టుమెంటు కదా, వెనకేసుకొస్తాడు అనుకున్నాను. అంతలో ఆయనే, "అయినా బోర్లా పడుకున్నోడి మీద కరెంటుదైనా ఎందుకసలు?" అన్నాడు. ఆ ప్రశ్న ప్రాసిక్యూటర్ వేసిందే, పేపర్లో వచ్చింది, నాన్నకి తెలిసే అవకాశం లేదు.

ఒకసారి వాళ్ళ స్టేషన్లో సెంట్రీ మారేటప్పుడు ఒకాయన చేతిలో రైఫిలు పేలి గుండు గోడకి తగిలిందట. ఎవరికీ ఏమీ కాలేదు, కానీ ఆ ఒక్క తూటాకి లెక్క చెప్పడానికి ఆర్నెల్లు పట్టిందని నవ్వాడు.

శుక్రవారం, జులై 2న, జ్యూరీ లోపలికి వెళ్ళింది. ఆ మధ్యాహ్నం రెండున్నర గంటలో ఎంతో కూర్చుని వెళ్ళిపోయారు, జులై 4 స్వాతంత్ర్య దినోత్సవం ఆదివారం పడి సోమవారం సెలవు కాబట్టి మళ్ళీ మంగళవారమే. లాంగ్ వీకెండ్. ఒక మనిషి జీవితం సగంలో వదిలేసి బార్బెక్యూకి ఎలా వెళ్తారు అని నాకు వింతగా అనిపించింది గానీ, మేము మాత్రం ఏం చేశాం? నాలుగు కుటుంబాలం కలిసి పులిహోర, చికెన్ కట్టుకుని లేక్ ఎలిజబెత్ దగ్గర కూర్చున్నాం. సాయంత్రం యూనియన్ సిటీలో గుడారాలేసి బాణసంచా అమ్ముతుంటే వెళ్ళి కాకరపువ్వొత్తులు కొన్నాం. మా ఆవిడ రెండు పెట్టెలు కాల్చకుండా దాచింది, దీపావళికి ఇక్కడ దొరికి చావవు కదా.

ఆ శుక్రవారమే మన పేపర్ల సైట్లలో ఆదిలాబాద్ వార్త. మావోయిస్టు నాయకుడు ఆజాద్, ఆయనతో పాటు హేమచంద్ర పాండే అనే జర్నలిస్టు ఎన్‌కౌంటర్లో చనిపోయారని. ఎదురుకాల్పులని పోలీసులు, పట్టుకుని చంపారని ఇంకోవైపు వాళ్ళు. ఈ రెండు వార్తలూ నా కంప్యూటర్లో పక్కపక్క ట్యాబుల్లో ఉన్నాయి. ముందటేడు ఫిబ్రవరిలోనే మన హైకోర్టు ఐదుగురు జడ్జిల బెంచి, ఎన్‌కౌంటర్లో ఎవరైనా చనిపోతే పోలీసుల మీద కేసు కట్టాల్సిందే, ఆత్మరక్షణ అనేది విచారణలో నిరూపించుకోవాలి అని చెప్పింది, సుప్రీంకోర్టు దానిమీద స్టే ఇచ్చింది. అప్పుడు నాన్నని అడిగితే, పాత పద్ధతేంటో చెప్పాడు: చనిపోయినవాడి మీదే 307 కింద హత్యాయత్నం కేసు రాసి, ముద్దాయి మరణించాడు కాబట్టి కేసు మూసేశాం అని ముగించేవారట. ఇక్కడ ముద్దాయి బోనులో కూర్చుని ఏడుస్తూ సాక్ష్యం చెప్పాడు. ఇది గొప్ప, అది తక్కువ అని నేను తేల్చలేను. కానీ ఆ రెండు ట్యాబులూ మూసెయ్యబుద్ధి కాలేదు.

జ్యూరీ అనేది మనకి ఎందుకు లేదని ఆఫీసులో ఒకావిడ అడిగింది. నానావతి కేసు చెప్పాను. 1959లో బొంబాయిలో భార్య ప్రియుణ్ణి కాల్చిన నేవీ ఆఫీసర్ని జ్యూరీ ఎనిమిది-ఒకటితో వదిలేసింది, జడ్జి ఒప్పుకోక హైకోర్టుకి పంపితే అక్కడ శిక్షపడింది, ఆ తర్వాత మనవాళ్ళకి జ్యూరీ మీద నమ్మకం పోయింది, 1973 క్రిమినల్ ప్రొసీజర్ చట్టం వచ్చేసరికి ఆ ఊసే లేదు. ఆవిడ చాలా శ్రద్ధగా విని, "అయితే ఒక్క జడ్జి తప్పు చేస్తే?" అంది. పై కోర్టుకి వెళ్తాం అన్నాను, ఎన్నేళ్ళు పడుతుందో మాత్రం చెప్పలేదు.

మంగళ, బుధవారాలు ఏమీ తేలలేదు. జ్యూరీలో ఒకరికి ఒంట్లో బాగాలేదు, ఇంకొకరికి ముందే అనుకున్న ప్రయాణం ఉందిట, ప్రయాణమున్న మనిషిని పంపించి అదనంగా ఉంచిన వాళ్ళలోంచి ఒకరిని తెచ్చారు. కొత్త మనిషి వస్తే చర్చ మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాలట. అదేదో సీరియల్లో పాత్రధారి మారినట్టు.

టెన్షన్ అంతా డౌన్‌టౌన్‌లోనే. ముందటేడు జనవరిలో నిరసన చివరికి కార్లు తగలబడి, అద్దాలు పగిలి, వందమందికి పైగా అరెస్టయ్యారు కాబట్టి ఈసారి నగరమంతా ముందే తయారైంది. బ్రాడ్‌వే పొడవునా ప్లైవుడ్డే. కొందరు ఆ చెక్కల మీద ఆస్కార్ మొహం వేశారు, కొందరు దయచేసి మా షాపు జోలికి రాకండి అన్న అర్థంలో ఏదో రాశారు, రెండూ కలిపి రాసినవాళ్ళూ ఉన్నారు. మా బిల్డింగ్ వాళ్ళ నుంచి రోజుకో మెయిల్: తీర్పు వస్తే ఏ తలుపులోంచి వెళ్ళాలి, పార్కింగ్ ఎన్నింటికి మూస్తారు. చచ్చిపోయిన కుర్రాడి పేరు ఒక్క మెయిల్లోనూ లేదు. 'రాబోయే సంఘటన' అని ఉండేది. మెయిల్ రాసినవాణ్ణి తప్పుపట్టను, వాడి ఉద్యోగం అద్దాల గురించి. నా భయం కూడా ఏమంత గొప్పది కాదు. హెచ్‌-1 వీసా మీద ఉన్నాను, గుంపులో పడి ఎవరితోనైనా కలిపి లాక్కెళ్తే స్టాంపింగ్ టైమ్‌లో ఏమవుతుందో అని.

మా లాబీలో ఒక పెద్దాయన గార్డు ఉండేవాడు, నల్లజాతి ఆయన, ఈస్ట్ ఓక్‌లాండ్ వాస్తవ్యుడు. బేస్‌బాల్ గురించి తప్ప ఏదీ మాట్లాడడు. అందరూ ఆయన దగ్గర ఆగి "ఏమనుకుంటున్నారు, ఏమవుతుంది?" అని అడిగేవాళ్ళు, ఆయనేదో చెప్పాల్సిన బాధ్యత ఉన్నట్టు. ఆయన భుజాలెగరేసి నిన్నటి మ్యాచ్ స్కోరు చెప్పేవాడు. బుధవారం నేనూ అడగబోయి, నోటిదాకా వచ్చినదాన్ని మింగేసి గుడ్ నైట్ చెప్పాను.

గురువారం, జులై 8. పొద్దున్నుంచీ ఆఫీసులో కుర్రాళ్ళంతా బాస్కెట్‌బాల్ ఆటగాడు లెబ్రాన్ జేమ్స్ ఏ టీమ్‌కి వెళ్తాడో ఆ సాయంత్రం టీవీలో చెప్తాడన్న గొడవలో ఉన్నారు. మధ్యాహ్నం రెండు దాటాక ఎవరిదో ఫోన్ మోగింది, తర్వాత ఇంకొకరిది, ఒక నిమిషంలో అందరూ లేచి నిలబడ్డారు. జ్యూరీ తీర్పుకొచ్చింది, నాలుగింటికి చదువుతారు.

అక్కణ్ణించి జరిగింది చూస్తే నవ్వాలో ఏడవాలో తెలీదు. చదివేది లాస్ ఏంజిలిస్‌లో, పరుగులు ఓక్‌లాండ్‌లో. పావుగంటలో మా ఫ్లోర్ సగం ఖాళీ. నేను మాత్రం కూర్చుని ఆలోచిస్తున్నాను, ఇప్పుడు వెళ్తే టైమ్‌షీట్‌లో ఎన్ని గంటలు వెయ్యాలి అని. (ఐదున్నరే వేశాను. మేనేజర్ ఎనిమిది చెయ్యమని వెనక్కి పంపాడు.) అంతలో మా ఆవిడ ఫోన్: "ఇంకా అక్కడేం చేస్తున్నారండీ, బయల్దేరండి!" టీవీలో హెలికాప్టర్లోంచి బ్రాడ్‌వే చూపిస్తున్నారట.

కిందికొచ్చేసరికి గార్డు పెద్దాయన ఒక్కడే ఉన్నాడు. ఆయన డ్యూటీ రాత్రి దాకా పొడిగించారు. "పైన ఇంకెవరైనా ఉన్నారా?" అన్నాడు. ఇద్దరు ఉన్నారని చెప్పాను. రాసుకున్నాడు. నేను తలుపు దగ్గరికెళ్ళాక వెనకనుంచి, "నీ రైలు కూడా ఫ్రూట్‌వేల్‌లో ఆగుతుంది కదా" అన్నాడు. అవును అన్నాను. అంతే, ఇంకేమీ అనలేదు.

స్టేషన్లో తిరునాళ్ళలా జనం. మొదటి రైలెక్కలేకపోయాను, రెండోదానిలో నిలబడ్డాను. ఎప్పుడూ ఎవరి పుస్తకం వాళ్ళు చదువుకునే రైల్లో ఆరోజు ముక్కూమొహం తెలియనివాళ్ళు కూడా మాట్లాడుకుంటున్నారు. సూటు వేసుకున్న ఒకాయన నాకు, "ఈపాటికి వాళ్ళకి తెలిసిపోయి ఉంటుంది, మనకే తెలీదు" అన్నాడు. నిజమే కదా, అక్కడ కాగితం మీద రాసేసి ఉంది, మడతపెట్టి ఉంది. మేము ఎదురుచూస్తున్నది జరగబోయేదాని కోసం కూడా కాదు. లేక్ మెరిట్ దాటి రైలు పైకొచ్చింది, ఎండ పడింది. ఫ్రూట్‌వేల్‌లో తలుపులు తెరుచుకునేసరికి పెట్టెలో మాటలాగిపోయాయి. చాలామంది దిగారు. నేను మొదటిసారి ఆ ప్లాట్‌ఫామ్‌ని సరిగ్గా చూశాను. ఇంత ఇరుకా అనిపించింది. వీడియోలో పెద్దగా ఉంటుంది. తలుపులు మూసుకున్నాయి.

ఫ్రీమాంట్‌లో దిగేటప్పటికి నాలుగుకి పది నిమిషాలు. మా ఆవిడ కారు తెచ్చింది. ఇంటికెళ్ళాలనిపించక పార్కింగ్‌లోనే కూర్చుని 740 ఏఎం రేడియో పెట్టాం. పక్క కార్లలోనూ అదే స్టేషన్, కిటికీలు దింపి ఉండటంతో ఒకే గొంతు నాలుగువైపుల నుంచీ వినిపిస్తోంది. నాలుగు దాటింది, ఏమీ లేదు. ప్రకటనలు. పరుపుల సేల్ గురించి ఒకటి ఇప్పటికీ గుర్తుంది. మా ఆవిడ చున్నీ కొసని వేలికి చుట్టడం, విప్పడం, చుట్టడం.

తర్వాత వచ్చింది. ఇన్‌వాలంటరీ మ్యాన్‌స్లాటర్, దోషి.

వారం రోజులు ఆ మాటలు నేర్చుకున్న మనిషిని, ఆ క్షణంలో నాకు అర్థం కాలేదు. శిక్షపడినట్టా, వదిలేసినట్టా? పక్క కారులో ఉన్న ఫిలిప్పీన్స్ ఆవిడ కిటికీలోంచి వంగి సరిగ్గా అదే అడిగింది, "ఇది మంచిదా, చెడ్డదా?" అని. మా ఆవిడ నావైపు చూసింది. నేను ఆవిడకి నెంబర్లు చెప్పాను, రెండు, మూడు లేదా నాలుగేళ్ళు, తుపాకిది కూడా జ్యూరీ ఒప్పుకుంది కాబట్టి మొత్తం పద్నాలుగు దాకా వెళ్ళొచ్చు అని. ఆవిడ థాంక్స్ చెప్పి అద్దం ఎత్తుకుంది. ఆవిడ అడిగినదానికి నేను జవాబు చెప్పలేదని ఇంటికెళ్ళాక తోచింది.

అప్పటికి ఒంగోలులో తెల్లవారుజామున నాలుగున్నర. ఆరున్నర దాకా ఆగి నాన్నకి చేశాను. నిద్రలేచి టీవీ ముందున్నాడు, ముందురోజే ఇచ్ఛాపురంలో జగన్ ఓదార్పు యాత్ర మళ్ళీ మొదలైంది, అన్ని ఛానెళ్ళలో అదే. సౌండ్ తగ్గించి విన్నాడు.

"అంటే 304-ఏ" అన్నాడు.

"దాదాపు అంతే నాన్నా."

"లారీ డ్రైవర్లకి పెట్టే సెక్షన్రా అది." ఆ గొంతులో కోపం ఉందా, ఊరట ఉందా నేను పట్టుకోలేకపోయాను, ముప్పై ఏళ్ళ పైగా ఆయన గొంతు వింటున్నవాణ్ణి. "ఒప్పుకున్నారులే, పోలీసోడిదే తప్పని పన్నెండు మంది ఒప్పుకున్నారు" అని, మళ్ళీ తనే, "మన దగ్గరైతే..." అని ఆపేశాడు. నేను పొడిగించమనలేదు.

ఆ రాత్రి టీవీలో పద్నాలుగో వీధి, బ్రాడ్‌వే కూడలి. వందలమంది, ఎక్కువమంది మైకు పట్టుకుని మాట్లాడటం, ఏడవటం, చీకటి పడ్డాక కొందరు చెప్పుల దుకాణం పగలగొట్టి డబ్బాలు పట్టుకుపోవడం. డెబ్భై ఎనిమిది మందిని అరెస్ట్ చేశారు. టీవీ వాళ్ళు మాట్లాడిన వాళ్ళని ఒక్కసారి, డబ్బాలు పట్టుకుపోయిన వాణ్ణి పదిసార్లు చూపించారు. మర్నాడు ఆఫీసుకెళ్తే మా కళ్ళజోళ్ళ షాపుకి ఏమీ కాలేదు, గార్డు పెద్దాయన సెలవులో ఉన్నాడు. సోమవారం వచ్చాడు, మ్యాచ్ స్కోరు చెప్పాడు.

శిక్ష ఎంతో చెప్పింది నవంబర్ 5న. ఆరోజే దీపావళి. తుపాకి వాడిన నేరానికి జ్యూరీ ఒప్పుకున్నా ఆధారాలు చాలవని జడ్జి అది కొట్టేశాడు. రెండేళ్ళు వేశాడు, వెయ్యగలిగిన వాటిలో అతి తక్కువది. అప్పటికే లోపల గడిపిన రోజులు కలుపుకుని, లెక్కలన్నీ పోను, 2011 జూన్‌లో అతను బయటికొచ్చాడు.

నాన్నకి మర్నాడు పొద్దున చెప్పాను. 304-ఏకి అప్పట్లో మన దగ్గర గరిష్ఠం రెండేళ్ళే. నేను ముందే చెప్పానుగా అంటాడేమో అనుకున్నాను, అనలేదు.

"ఆ కుర్రాడికి కూతురుందన్నావు, ఎంత ఉంటుంది?"

"అప్పుడు నాలుగేళ్ళు. ఇప్పుడు ఆరు ఉంటాయి."

"బడికెళ్తా ఉంటుంది" అని, ఫోన్ అమ్మకిచ్చేశాడు. అమ్మ పండగ ఎలా జరిగింది, పిల్లాడికి కాల్చడానికి ఏమైనా దొరికాయా అని అడిగింది. జులైలో దాచినవి రెండు పెట్టెలున్నాయని చెప్పాను.